కీటోలో ఓఆర్‌ఎస్ తాగొచ్చా, ఉప్పునీళ్లు కలుపుకోవడమే మేలా?

తూనికరాయి: కార్బ్స్ (పిండిపదార్థాలు) బాగా తగ్గించే కీటో డైట్ మొదటి వారంలో తలనొప్పి, నీరసం, పిక్కలు పట్టేయడం మామూలే. ఇన్సులిన్ తగ్గగానే కిడ్నీలు సోడియాన్ని వదిలేస్తాయి, దాని వెంటే నీరూ పోతుంది. ఓఆర్‌ఎస్ తాగమని కొందరు, గ్లూకోజ్ ఉంది ముట్టుకోవద్దని కొందరు. లెక్కలు చూపించి వాదించండి.

చిటికెడు: నేను వద్దనే అంటాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్. రోజుకు 20 గ్రాముల కార్బ్స్‌తో నెట్టుకొచ్చేవాళ్లకి మూడింట రెండొంతులు నీళ్లకే ఖర్చయింది. ఆ గ్లూకోజ్ రుచి కోసం వేసింది కాదు. విరేచనాలప్పుడు పేగు సోడియాన్ని పీల్చుకోవాలంటే అది తోడుండాలి. విరేచనాలే లేనప్పుడు దాని అవసరం ఏముంది?

నిలకడ: లీటరూ ఎవరు తాగమన్నారండీ? అర లీటరుకు గ్లూకోజ్ 7 గ్రాములు కూడా లేదు, సోడియం 860 మిల్లీగ్రాములు దాటుతుంది. 50 గ్రాముల కార్బ్స్ తినేవాళ్లకి అదొక లెక్కా? మామూలు స్పోర్ట్స్ డ్రింకు చూడండి: అర లీటరుకు చక్కెర 30 గ్రాముల దాకా, సోడియం పావు గ్రాము అటూఇటూ. తిడితే దాన్ని తిట్టాలి.

చిటికెడు: స్పోర్ట్స్ డ్రింకు సంగతి ఒప్పుకున్నా. కానీ ‘షుగర్ ఫ్రీ’ లవణాల పొడుల్ని కూడా నమ్మొద్దు. కొన్నింటిలో చక్కెర సున్నా అని ముందు రాసి, వెనక పిండి నుంచి తీసే మాల్టోడెక్స్‌ట్రిన్ కలుపుతారు. అది రక్తంలో గ్లూకోజ్‌ని చక్కెర కన్నా వేగంగా పెంచుతుంది. ‘మొత్తం కార్బోహైడ్రేట్లు’ అన్న వరస చూడండి. ఇంకోటి, లేబుల్ మీద సోడియం వేరు, ఉప్పు వేరు. గ్రాము ఉప్పులో సోడియం 390 మిల్లీగ్రాములే.

తూనికరాయి: మరి ఇంట్లో కలిపితే కొలతలు?

చిటికెడు: లీటరు నీళ్లు, ఉప్పు 2.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 0.75 గ్రాము, పులుపుకి నిమ్మరసం. సోడియం దాదాపు గ్రాము, పొటాషియం 390 మిల్లీగ్రాములు వస్తాయి. వంటింటి త్రాసు ముప్పావు గ్రాము తూచలేదు కాబట్టి 15 గ్రాముల పొటాషియం క్లోరైడ్‌ని నీళ్లలో కరిగించి, మొత్తం 200 మిల్లీలీటర్లు చేయండి. అందులోంచి సిరంజితో 10 మిల్లీలీటర్లు తీస్తే సరిగ్గా 0.75 గ్రాము. సీసా మీద పేరు రాయడం మర్చిపోకండి, చూడ్డానికి అచ్చం మంచినీళ్లే.

చెంచా కొలత మాత్రం వద్దు. సన్న ఉప్పు చెంచాకి 6 గ్రాముల దాకా పడుతుంది, గళ్ల ఉప్పు తక్కువ. ఇక ఆ లీటరు ఉప్పునీ అరగ్లాసులో కలిపి గటగటా తాగితే పేగులోకి నీరు లాగి విరేచనాలు పట్టుకుంటాయి. ఆ తర్వాత నిజంగానే ఓఆర్‌ఎస్ కావాలి!

నిలకడ: ఈ కొలత అందరికీ అన్నట్టు రాయకండి. కిడ్నీ జబ్బు ఉన్నా, బీపీకి ‘ప్రిల్’, ‘సార్టన్’ అని ముగిసే మందులు గానీ స్పైరనోలాక్టోన్ గానీ వాడుతున్నా పొటాషియం ఒంట్లో పేరుకుంటుంది, గుండె లయ తప్పుతుంది. వాళ్లు డాక్టర్‌ని అడక్కుండా పొటాషియం క్లోరైడ్ జోలికి వెళ్లకూడదు. సోడియం తక్కువ అని అమ్మే ఉప్పుల్లో చాలావాటిలో కలిపేదీ అదే.

తూనికరాయి: మెగ్నీషియం కూడా ఇందులోనే కలిపేయొచ్చా?

చిటికెడు: మెగ్నీషియం ఆక్సైడ్ అయితే కరగదు, అడుగున తెల్లగా కూర్చుంటుంది, పైగా కడుపు జారుస్తుంది. మెగ్నీషియం గ్లైసినేట్ మాత్ర విడిగా వేసుకోవడం నయం.

నిలకడ: కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు అదీ అడిగాకే.