బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ)కి హైదరాబాదా, బెంగళూరా?

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మా చెల్లి బీకాం పూర్తి చేసింది, ఇప్పుడు పాస్టర్ అయ్యేందుకు బీడీ చదవాలనుకుంటోంది. మాది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. 2013లో పుష్పలలిత గారు సీఎస్ఐలో తొలి మహిళా బిషప్‌గా నంద్యాలకు వచ్చినప్పటి నుంచీ తన మనసంతా సేవ మీదే. బైబిలు అంచుల్లో పెన్సిల్‌తో సన్నగా రాసుకుని వాక్యం చెబుతుంది, వినేవాళ్లు కదలరు.

హైదరాబాద్ ఏసీటీసీ (ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ), బెంగళూరు యూటీసీ (యునైటెడ్ థియలాజికల్ కాలేజీ) రెండూ బీడీ డిగ్రీలిచ్చే సెరంపూర్ సెనేట్ కిందివే. కాబట్టి డిగ్రీ విలువ గురించి బెంగ లేదు. టెన్షన్ అంతా ఇంగ్లిష్‌తోనే. తను చదివిందంతా తెలుగు మీడియం. గ్రీకు, హీబ్రూ కూడా ఇంగ్లిష్‌లోనే చెబితే తట్టుకోగలదా? అక్కడ చదివిన అక్కలు, అన్నలు మొదటి ఏడాది ఎలా నెట్టుకొచ్చారో దయచేసి చెప్పండి.

ఇంకొకటి, డయాసిస్ (బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతం) సిఫార్సు లేకుండా సొంత ఖర్చుతో చేరితే తర్వాత ఆర్డినేషన్‌కు, అంటే పాస్టర్‌గా అభిషేకానికి, ఇబ్బంది అవుతుందా? పాస్టర్ గారు ఒక ఏడాది ఆగమంటున్నారు. నాకైతే తనను ఆపాలని లేదు.