మట్టిగూడు మీద వాలే నీలాకుపచ్చ కోకిల కందిరీగ: పేరు తేల్చేదెలా? జిల్లాకు కొత్త అనొచ్చా?

గుత్తి_మాక్రో
అనంతపురం జిల్లా గుత్తి దగ్గర, పాత గోడకున్న మట్టిగూళ్ళ మీద ఒక కోకిల కందిరీగ (కోకిలలా వేరేవాటి గూళ్ళలో గుడ్లు పెట్టేది) వాలింది. పొడవు దాదాపు 14 మి.మీ., ఒళ్ళంతా నీలం కలిసిన ఆకుపచ్చ మెరుపు. గూళ్ళు సాలీళ్ళను నింపే స్కెలిఫ్రాన్ కందిరీగవి. పొట్ట చివర అంచున పళ్ళలాంటి మొనలు నాలుగున్నాయి కాబట్టి కోకిల కందిరీగల్లో క్రైసిస్ అనే ప్రజాతి అనుకుంటున్నాను. జనం తాము చూసిన జీవుల్ని నమోదు చేసే ఐనాచురలిస్ట్ సైటు మ్యాపులో ఈ చుట్టుపక్కల ఒక్క చుక్కా లేదు. జిల్లాకు కొత్తదని రాయొచ్చా? ఫొటోలు రెండే: పైనుంచి, వెనకనుంచి.

మూడో_ఖండం
నాలుగు పళ్ళు చూసి క్రైసిస్ అనెయ్యకండి, స్టిల్బమ్ అనే మరో కోకిల కందిరీగ ప్రజాతికీ నాలుగే. తేడా వీపు మీద ఉంది. స్టిల్బమ్‌లో మెటానోటం, అంటే పొట్టకు కాస్త ముందుండే పలక, వెనక్కి పొడుచుకొచ్చి గరిటెలా గుంటపడి ఉంటుంది. ఇది పైనుంచి తీసిన ఫొటోలో నీడలా కనిపించి మోసం చేస్తుంది, పక్కనుంచి తీస్తేనే తెలుస్తుంది. ఈ సైజు, ఈ గూడు చూస్తే స్టిల్బమ్ సయనూరమ్ అనే నా అనుమానం.

పళ్ళ లెక్క పనికిరాదని కాదు. మూడుంటే ట్రైక్రైసిస్, అయిదుంటే ప్రేస్టోక్రైసిస్ ప్రజాతి వైపు చూడాలి. క్రైసిస్‌లో ఎక్కువగా నాలుగు, కానీ ఆరున్నవీ అసలు లేనివీ ఉన్నాయి. రంగును మాత్రం నమ్మొద్దు. సయనూరమ్ ఒక్కటే ఆకుపచ్చ నుంచి ఊదా దాకా కనిపిస్తుంది, వెలుగు కోణం మారితే అదే పురుగు రంగూ మారుతుంది.

కొత్తగా చూసేవాళ్ళు చిన్న ఆకుపచ్చ సెరటినా తేనెటీగనూ, బొద్దింకల్ని పట్టే ఆంప్యులెక్స్ కందిరీగనూ ఇందులో కలిపేస్తుంటారు. ఆంప్యులెక్స్ తొడలు ఎర్రగా ఉంటాయి. కోకిల కందిరీగకు పైనుంచి చూస్తే సాధారణంగా పొట్ట ఖండాలు మూడే. పొట్ట అడుగుభాగం లోపలికి గుంటపడి ఉంటుంది, అందుకే ముట్టుకుంటే ఉండలా చుట్టుకుంటుంది.

చిట్టి_రెక్కలు
ఫొటోలు నాలుగు కావాలి: పైనుంచి, పక్కనుంచి, ముఖం, పొట్ట చివర. అపర్చర్ ఎఫ్/8 నుంచి ఎఫ్/11, షట్టర్ 1/200, ఫ్లాష్‌కు అడ్డంగా తెల్ల కాగితం. అది లేకపోతే మెరిసే ఒంటి మీద తెల్లటి మచ్చలు పడి, చూడాల్సిన పళ్ళే కనబడవు. కదులుతుంటే డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో 5 నిమిషాలు ఉంచండి. ఫ్రీజర్ వద్దు. ఉండ చుట్టుకుంటే కదపకుండా ఆగండి, అదే విప్పుకుంటుంది. పని కాగానే పట్టిన చోటే వదలండి.

"జిల్లాకు కొత్త" అన్న మాట ఇప్పుడే వద్దు. మ్యాపులో చుక్క లేదంటే ఎవరూ పెట్టలేదని మాత్రమే. పాత పురుగుల సేకరణల్లో, ఎక్కడ పట్టారో రాసిన చీటీలూ చూడాలి, వాటిలో ఊళ్ళ పేర్లతో చిక్కుంది. "మద్రాస్" అంటే నగరమా, ప్రెసిడెన్సీయా? అనంతపురం అప్పట్లో ఆ ప్రెసిడెన్సీలోదే. "హైదరాబాద్" అంటే నిజాం రాజ్యంలోని ఔరంగాబాద్ వైపుదీ కావచ్చు, సింధ్‌లోని హైదరాబాదూ కావచ్చు. మీ రికార్డులో జిల్లా పేరు ఒక్కటే పెట్టకుండా జీపీఎస్ బిందువు, ఎన్ని మీటర్ల తేడా ఉండొచ్చో, తేదీ రాయండి.

మట్టిగది
గూటి మీద వాలింది కాబట్టి దాని అతిథేయి (అది ఎవరి పిల్లను తిని పెరుగుతుందో ఆ పురుగు) స్కెలిఫ్రానే అని రాసేస్తున్నారు చాలామంది. ఖాళీ అయిన గదుల్లో వేరే కందిరీగలూ మెగకైల్ తేనెటీగలూ చేరతాయి. తేల్చాలంటే రంధ్రం పడని గూటిని పలచటి కత్తితో గోడ నుంచి ఊడదీసి, గదులు విడదీసి, ఒక్కోదాన్నీ ఒక్కో సీసాలో పెట్టి దూదితో గట్టిగా మూయండి. అన్నీ ఒకే డబ్బాలో పెడితే మిల్లీమీటరున్నర ఉండే మెలిటోబియా అనే పరాన్నజీవి కందిరీగ ఒక గదిలోంచి వచ్చి మిగతా గదులన్నిటినీ తినేస్తుంది. కోకిల కందిరీగ బయటికొచ్చాక గది విప్పి చూడండి. లోపల మెగకైల్ తేనెటీగలు వాడే చెట్టు జిగురో ఆకుముక్కలో ఉంటే అక్కడ పెరిగింది స్కెలిఫ్రాన్ పిల్ల కాదు.

గుత్తి_మాక్రో
ఈ రోజు పక్కనుంచి ఫొటో దొరికింది, పైన జోడించాను. గరిటె స్పష్టంగా ఉంది. పేరు స్టిల్బమ్ సయనూరమ్‌గా మార్చాను, "కొత్త" అన్నది తీసేశాను. అతిథేయి గడి ఖాళీగా వదిలి, వివరాల్లో "స్కెలిఫ్రాన్ గూటి మీద వాలింది" అని మాత్రమే రాశాను. రంధ్రం పడని గదులు ఆరు సీసాల్లో పెట్టాను.