బత్తాయి తోటకు డ్రోన్‌తో మందు కొట్టించవచ్చా?

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లా, కనగల్ దగ్గర పల్లెటూరు. రెండెకరాల వరి, నాలుగెకరాల బత్తాయి ఉన్నాయి. మొన్న వరికి డ్రోన్‌తో మందు కొట్టించాను. 10 లీటర్ల ట్యాంకుతో ఎకరం అయిపోయింది, పది నిమిషాలు కూడా పట్టలేదు. మా నాయన గట్టు మీద నిలబడి "మందు కొట్టిండా, ఉత్త గాలి కొట్టి పోయిండా?" అని ఒకటే నవ్వు.

వరి బాగానే ఉంది. నా టెన్షన్ అంతా బత్తాయి గురించే. మంగు నల్లి (కంటికి ఆననంత చిన్న పురుగు) పడి కాయ తొక్క రంగు మారుతోంది. లోపల రసం బాగున్నా మార్కెట్లో ధర కోసేస్తారు. రెక్కల గాలికి ఆకులు తిరగబడి మందు లోపలి కొమ్మలకూ దిగుతుందని డ్రోన్ నడిపే అబ్బాయి అంటున్నాడు. వరిలో సరే, గుబురుగా పెరిగిన పన్నెండేళ్ల చెట్టులో దిగుతుందా?

ఇంకోటి మోతాదు. ఈ నల్లికి కొట్టే మందు నీటిలో కరిగే గంధకం, లీటరు నీటికి 3 గ్రాములని లెక్క. అది చెట్టంతా తడిసేలా కొట్టే పంపుకు. డ్రోన్‌లో అదే లెక్కన కలిపితే 10 లీటర్లకు 30 గ్రాములే, ఎకరం తోటకు అది ఏ మూలకు? పోనీ ఎకరానికి పట్టే మందంతా అందులోనే కలిపితే నాజిల్ మూసుకుపోతుందేమో, ఎండకు ఆకు మాడుతుందేమో.

బత్తాయికో నిమ్మకో డ్రోన్ వాడినవాళ్లు ఉంటే చెప్పండి. ఎకరానికి ఎన్ని నీళ్లు పోశారు, చెట్టు మీద ఎంత ఎత్తున ఎగరేశారు, కింది కొమ్మల కాయ శుభ్రంగా వచ్చిందా? డ్రోన్లు అమ్మేవాళ్లు కాకుండా తోట ఉన్నవాళ్లే చెబితే మేలు.