పులిచింతాకులో పులి ఎక్కడుంది?

మొన్న ఆదివారం నిజాంపేటలో మా అపార్ట్‌మెంటు లాన్‌లో మాలి కలుపు తీస్తుంటే మా మనవరాలు పక్కనే చతికిలబడింది. "దీని పేరేంటి నానమ్మా?" అంది. పులిచింతాకు అన్నాను. కాసేపు ఆలోచించి, "పులికి చింత దేనికి?" అంది. నవ్వొచ్చింది గానీ చటుక్కున జవాబు తోచలేదు. చిన్నప్పుడు నేనూ పులి తిరిగిన చోట మొలుస్తుందేమో అనుకున్నదాన్నే!

ఇక్కడ పులి జంతువు కాదండీ, పులుపు. పులుసు, పులియడం, పులిహోర, అన్నిట్లోనూ ఉన్నది ఈ పులే. పులిహోరలో రెండో ముక్క ఓగిరం, అంటే అన్నం. మన తెలుగులో రెండు పులులూ ఒకేలా పలుకుతాయి కాబట్టే ఈ తికమక. తమిళంలో జంతువు పులి, చింతపండు పుళి. కన్నడంలో జంతువు హులి, పులుపు హుళి. ఆ 'ళ' మన దగ్గరికొచ్చేసరికి 'ల' అయి కూర్చుంది. ఇదే ఆకుని తమిళులు పుళియారై అంటారు, అక్కడ పులి ఊసే రాదు.

దీని శాస్త్రీయ నామం ఆక్సాలిస్ కార్నిక్యులేటా, 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టింది. ఆక్సాలిస్ గ్రీకులో పులుపు అనే మాటలోంచే వచ్చింది. కార్నిక్యులేటా అంటే చిన్న కొమ్ములున్నది, కాయల్ని చూసి పెట్టిన పేరు. నాకైతే అవి బొమ్మల వంటకి చేసిన బెండకాయల్లా కనిపిస్తాయి. నిక్కి నిలబడతాయి. ముదిరినదాన్ని వేలితో తాకితే చాలు, పగిలి గింజలు ఎగిరి మొహాన పడతాయి. మనవరాలు ఒక్క పూటలో పాతిక కాయలు పేల్చింది, అంటే వచ్చే వానాకాలానికి మాలికి పని తనే విత్తిందన్నమాట. పైగా పాకే తీగకి కణుపు కణుపుకీ వేరు, పైపైన లాగితే సగం మట్టిలోనే ఉంటుంది. సాయంత్రమయ్యేసరికి మూడు ఆకులూ గొడుగు మూసినట్టు కిందికి ముడుచుకుంటాయి.

నాలుగు రెమ్మలు కడిగి నోట్లో వేసుకున్నాం. "చింతచిగురే!" అంది పిల్ల. పప్పులో వేస్తే బాగుంటుంది, పచ్చడి ఇంకా బాగుంటుంది. ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ కాబట్టి కిడ్నీలో రాళ్లున్నవాళ్లు జోలికి పోకండి. మందు కొట్టిన లాన్‌లోది ఎవరూ తినకండి.

తర్వాత చేర్చింది: చింత అంటేనే పులుపు కదా, మళ్ళీ పులి ఎందుకని కింద కామెంట్లలో ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. నా ఊహ మాత్రమే చెప్తాను: ఇక్కడ చింత అన్నది రుచికి పోలిక, పులి దాని గుణం. చేమంతి కాకపోయినా గడ్డిచేమంతి అనట్లేదూ, అలాగన్నమాట. ఇంకొకరు ఫోన్‌లో ఫొటో తీస్తే క్లోవర్ అని, ఇలాగే మూడాకులుండే వేరే మొక్క పేరు వచ్చిందట. కాదు, క్లోవర్ ఆకు గుండ్రంగానో కోలగానో ఉంటుంది, దీని ఆకు కొసన హృదయంలా నొక్కు ఉంటుంది. సంస్కృతంలో చాంగేరి అంటారని ఇంకో అక్క రాశారు, అవునక్కా, ఆయుర్వేదంలో చాంగేరీ ఘృతం అనే నేతి మందు ఈ ఆకుతో చేసేదే.

మాలి ఇవాళ పంపు పక్కన ఒక గంపంత మేర వదిలేశాడు. "పచ్చడికే కదమ్మా," అన్నాడు.