పీకేఎం జీటా తీసేసినా ఎలుకకి అన్నీ గుర్తున్నాయి, మరి ఆ థియరీ పోయినట్టేనా?

చిట్టెలుకోపాఖ్యానం:
గురువారం జర్నల్ క్లబ్‌లో (ల్యాబ్ వాళ్ళం పేపర్లు చదివి చర్చించుకునే మీటింగ్) నా వంతు, టాపిక్ పీకేఎం జీటా. తెలియని వాళ్ళకి: ఇది న్యూరాన్లలో సిగ్నల్ అందించే ఎంజైమ్, ప్రొటీన్ కైనేజ్ సి కుటుంబంలోది. మిగతావాటిని ఎవరైనా ఆన్ చెయ్యాలి, దీనికి బ్రేక్ వేసే ముక్కే లేదు కాబట్టి తయారైందంటే ఆన్‌లోనే ఉంటుంది. అందుకే జ్ఞాపకాన్ని నిలబెట్టేది ఇదే అని బ్రూక్లిన్‌లో టాడ్ సాక్టర్ ఏళ్ళ తరబడి అంటున్నాడు. 2006లో సైన్స్ జర్నల్‌లో వచ్చిన ఆయన టీమ్ పేపర్లో ఎలుకని తిరిగే పళ్ళెం మీద వదిలారు, ఒక వైపుకి పోతే కాళ్ళకి షాక్. కొన్నిసార్లు తగిలాక అటు పోవడం మానేసింది. నెల తర్వాత, మెదడులో జ్ఞాపకాలు చూసుకునే హిప్పోక్యాంపస్‌లోకి, పీకేఎం జీటాని ఆపడానికి చేసిన జిప్ అనే పెప్టైడ్ (చిన్న ప్రొటీన్ ముక్క) ఎక్కిస్తే, ఏమీ ఎరగనట్టు మళ్ళీ అటే పోయింది.

2013లో నేచర్‌లో రెండు పేపర్లు కలిసి వచ్చాయి, జాన్స్ హాప్కిన్స్ హ్యూగనీర్ ల్యాబ్‌ది ఒకటి, శాన్‌ఫ్రాన్సిస్కో మెసింగ్ ల్యాబ్‌ది ఒకటి. పీకేఎం జీటాని తయారుచేసే జీనే తీసేసిన ఎలుకలు శుభ్రంగా నేర్చుకున్నాయి, గుర్తుపెట్టుకున్నాయి. పైగా అసలు టార్గెట్టే లేని ఈ ఎలుకల మీద కూడా జిప్ పనిచేసింది!! నా లెక్కలో థియరీ అక్కడితో పోయింది. కాదనేవాళ్ళు రండి.

పిప్పెట్_పంతులు:
తమ్ముడూ తొందరపడకు. ముందు ఒక చిన్న విషయం, మనం అన్నిటినీ ఎలుకలే అంటాం గానీ 2006లోవి పెద్దెలుకలు, 2013లోవి చిట్టెలుకలు. సరే అది పక్కన పెట్టు. ఇంట్లో పెద్దోడు దుబాయ్ పోతే చిన్నోడు పొలం చూసుకుంటాడు. పంట పండింది కదా అని పెద్దోడు ఎప్పుడూ పొలం పని చెయ్యలేదంటావా? సాక్టర్ వాళ్ళదే 2016 ఈలైఫ్ జర్నల్ పేపర్ తియ్యి. మామూలు ఎలుకలో పీకేఎం జీటా తయారవకుండా యాంటీసెన్స్ అనే డీఎన్ఏ ముక్క వేస్తే జ్ఞాపకం దెబ్బతింది, నాకౌట్‌లో (జీన్ తీసేసిన ఎలుకలో) అదే వేస్తే ఏమీ కాలేదు. నాకౌట్‌లో ఆ పని అదే కుటుంబంలోని పీకేసీ అయోటా/ల్యామ్డా నెత్తిన వేసుకుంది, దాన్ని ఆపితే అప్పుడు పోయింది.

చిట్టెలుకోపాఖ్యానం:
అన్నా హ్యూగనీర్ వాళ్ళు పుట్టుక నుంచి లేనివే కాదు, పెద్దయ్యాక జీన్ తీసేసిన ఎలుకలు కూడా చేశారు కదా, అవీ నార్మలే. చిన్నోడికి రాత్రికి రాత్రే వ్యవసాయం ఎలా వచ్చేసింది మరి?

పిప్పెట్_పంతులు:
రాత్రికి రాత్రి ఎక్కడ, జీన్ పోయినా అప్పటికే ఉన్న ప్రొటీన్ మెల్లగా అరిగిపోవాలి కదా, ఆ టైం చాలు అంటాను నేను. నువ్వు ఒప్పుకోకపోతే అది వేరే సంగతి.

సందేహాలక్క:
పెద్దోడు చిన్నోడు సరే, జిప్ సంగతి చెప్పండి. 13 అమైనో ఆమ్లాల ముక్క, అందులో 5 ఆర్జినిన్లే, ఒళ్ళంతా పాజిటివ్ చార్జ్. అది న్యూరాన్‌లోకి పోయి మిగతా ఎవరినీ ముట్టుకోకుండా పీకేఎం జీటా ఒక్కదాన్నే పట్టుకుంటుందంటే నేను నమ్మను. అయోటాని కూడా ఆపుతుంది అందుకే నాకౌట్‌లోనూ పనిచేసింది అంటారు, అంటే ఏ రిజల్ట్ వచ్చినా మీ థియరీయే కరెక్ట్ అన్నమాట, బాగుంది.

బంగారు_బిందువు:
న్యూరో నాది కాదు, గోల్డ్ నానోక్లస్టర్లు (కొద్ది బంగారు పరమాణువుల బుల్లి గుంపులు) చేస్తాను, కానీ ఇది చదువుతుంటే మా ఇంటి గొడవ చదివినట్టే ఉంది. 2009లో సింగపూర్‌లో జాకీ యింగ్ గ్రూప్ వాళ్ళు ఒక తేలికైన పద్ధతి చెప్పారు: ఆవు రక్తం నుంచి తీసే అల్బుమిన్ ప్రొటీన్‌లో గోల్డ్ క్లోరైడ్ కలుపు, రెండు నిమిషాలాగి సోడియం హైడ్రాక్సైడ్ పొయ్యి, 37 డిగ్రీల దగ్గర 12 గంటలు వదిలెయ్యి. పసుపు నీళ్ళు పొద్దున్నకి డికాషన్ రంగుకి వస్తాయి. లైట్లు ఆపి 365 నానోమీటర్ల యూవీ ల్యాంప్ కింద పెడితే ఎర్రగా నిప్పు కణికలా వెలుగుతుంది. మొదటిసారి వచ్చినప్పుడు రాత్రి పదకొండింటికి అమ్మకి వీడియో కాల్ చేసి చూపించా, "దీనికా బంగారం తగలేసింది" అంది.

25 బంగారు పరమాణువుల గుంపు ప్రొటీన్ లోపల కూర్చుంది అని అందరం రాసుకున్నాం, నేనూ రాశా. 2018లో ఒక టీమ్ వచ్చి, గుంపూ లేదు ఏమీ లేదు, గోల్డ్ అయాన్లు ప్రొటీన్‌కి అతుక్కున్నాయి, పీహెచ్ పెరిగి ప్రొటీన్ విప్పుకున్నప్పుడు ఆ ఎరుపు వస్తోంది అన్నారు. ఇప్పటికీ మాలో మాకు పడదు. మరి పాదరసం తగిలితే ఆ వెలుగు ఆరిపోతుంది, దాంతో సెన్సార్లు చేశారు, పనిచేస్తున్నాయి. అంటే వెలగడం అబద్ధం కాదు, వెలిగేది ఎవరో తేలలేదు అంతే. మీ జిప్ కూడా చెరపడం నిజమే కదా, ఎవరిని పట్టుకుని చెరుపుతోందన్నదే పంచాయితీ.

పిప్పెట్_పంతులు:
బాగా చెప్పారండీ. అందుకే జిప్‌ని వదిలేసి సాక్టర్, ఆయన సహచరుడు ఫెంటన్ టీమ్ 2024 సైన్స్ అడ్వాన్సెస్ పేపర్ చూడమంటున్నా. ప్రొటీన్లు రోజుల్లో వారాల్లో అరిగిపోతాయి, జ్ఞాపకం ఏళ్ళు ఎలా ఉంటుంది అని 1984లోనే ఫ్రాన్సిస్ క్రిక్ అడిగాడు, దానికి వీళ్ళ జవాబు కిబ్రా అనే ఇంకో ప్రొటీన్. పాత పీకేఎం జీటా పోతుంటే కొత్తదాన్ని సరిగ్గా అదే సైనాప్స్‌లో (రెండు న్యూరాన్లు కలిసే చోట) పట్టి కూర్చోబెట్టేది కిబ్రా అంటారు. ఈ రెండిటినీ విడదీసే మందు ఇస్తే మామూలు ఎలుకలో నాలుగు వారాల పాత జ్ఞాపకం పోయింది. నాకౌట్‌లో అదే మందు ఏమీ చెయ్యలేదు. జిప్ తప్పిన పరీక్ష ఇది పాసయ్యింది తమ్ముడూ.

సందేహాలక్క:
పరీక్ష పెట్టిందీ వాళ్ళే, దిద్దిందీ వాళ్ళే. సాక్టర్, ఫెంటన్ పేర్లు లేని పేపర్ ఒకటి రానివ్వండి, అప్పుడు చూద్దాం. కంట్రోల్ మాత్రం బాగుంది, అది ఒప్పుకుంటా.

చిట్టెలుకోపాఖ్యానం:
సరే, "థియరీ పోయింది" అన్నది వెనక్కి తీసుకుంటున్నా, జిప్ పోయింది అంటా. 2013 గ్రాఫ్ ఒక పక్క, 2024 నాకౌట్ గ్రాఫ్ ఒక పక్క పెట్టి మొదలుపెడతా, మధ్యలో ఎవరైనా అయోటా అంటే అక్క మాట వాడుకుంటా. బంగారం అన్నా, నీ వీడియో కాల్ కథ కూడా చెప్పొచ్చా?

బంగారు_బిందువు:
చెప్పుకో, మా అమ్మ ఏమీ అనుకోదు. నేను అక్కనే, అన్న కాదు.

పిప్పెట్_పంతులు:
😂😂 తమ్ముడూ స్లయిడ్లో ర్యాట్ ఏదో మౌస్ ఏదో విడివిడిగా రాయి, ఎవరో ఒకరు మొదట అడిగేది అదే.