వరిచేను తవ్వి రొయ్యల చెరువు చెయ్యడం ధైర్యమేనా?

వైనతేయ ఒడ్డు:
మలికిపురం వైపు మాకు మూడెకరాల వరి ఉంది. నాన్న పోయాక కౌలుకిచ్చాం. సార్వా, దాళ్వా రెండూ పండినా చేతికొచ్చేది అంతంతమాత్రం. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి, చేను తవ్వించి వెనామీ రొయ్య వేద్దామని ఉంది. నాకు ముప్పై రెండేళ్లు. ఇప్పుడు తెగించకపోతే ఇంకెప్పటికీ తెగించలేనని బెంగ. దాచుకున్నది సగానికి సరిపోతుంది, మిగతాదానికి ఇల్లు తాకట్టు పెట్టాలి. అమ్మ వద్దంటోంది. మీరేమంటారు?

ఉండి కుర్రోడు:
దిగు తమ్ముడూ. మా వైపు పెంకుటిళ్లు మేడలయ్యాయంటే చెరువుల మీదే. 2009లో వెనామీకి అనుమతి వచ్చినప్పుడూ పెద్దాళ్లు ఇలాగే వద్దన్నారు. వరి మాత్రం భద్రమా? 2011లో గిట్టుబాటు కాక కోనసీమ రైతులే సార్వా మానేసి క్రాప్ హాలిడే ప్రకటించారు. అసలు కాటన్ దొర తెగించి ఆనకట్ట కట్టకపోతే మనకీ పచ్చదనం ఎక్కడిది?

కాలవ శివారు:
కాటన్ దొర పేరెత్తారు కాబట్టి చెబుతున్నా. ధవళేశ్వరం పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. అంతకుముందే ఆయన నదినీ, ఇక్కడి నేల వాలునీ పరిశీలించి, నివేదికలు రాసి పైవాళ్లను ఒప్పించాడు. నాకు తెలిసి తెగింపంటే అదే.

ఇక రొయ్య సంగతి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. సరిగ్గా ఆ వేళకి కరెంటు పోయి, జనరేటర్ అందుకోలేదనుకో, రొయ్యలన్నీ పైకి తేలి గట్టు వెంట చేరతాయి. టార్చి వేస్తే నీటి అంచునంతా ఎర్రగా కళ్లు మెరుస్తుంటాయి. ఆ కాసేపట్లో నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరిగాయా సరి, లేదా పంట పోయినట్టే. ఇంకో రోజు, మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తితే మేత మేతలాగే ఉంటుంది. రొయ్య పేగు ఖాళీగా కనబడుతుంది. చెరువు మీద కాకులు వాలుతుంటాయి. అది తెల్లమచ్చ జబ్బయితే వారం పదిరోజుల్లో మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. 1994-95లో టైగర్ రొయ్య వేసినవాళ్లను ముంచింది ఆ వైరసే. అన్నీ తట్టుకుని పట్టుబడి దాకా వచ్చినా ధర మన చేతిలో లేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. ఎక్కడో వేసిన సుంకానికి ఇక్కడ చెరువు గట్టు మీద రైతు వణికాడు.

వెయ్యొద్దని కాదు నేననేది. ఎంత పోతే ఆగుతావో చెరువులో నీళ్లు పెట్టకముందే రాసుకో. వరసగా రెండు పంటలు పోతే మూడోది వెయ్యనని మీ అమ్మగారి ముందు మాటివ్వగలవా? ఇవ్వగలిగితే ఆ నిర్ణయం నీది. లేకపోతే అప్పిచ్చినవాడే నిన్ను నడిపిస్తాడు. పోయింది రాబట్టుకోమని సీడూ మేతా అరువిస్తాడు, సరుకు తనకే అమ్మమంటాడు.

అసలు మాట ఇంకోటుంది. నీ చేనుకి చుట్టూ ఎవరున్నారు? ఉప్పునీరు గట్టు దగ్గర ఆగదు. ఊట పక్క చేలోకి దిగితే వరి ఆకు కొసల నుంచి మాడిపోతుంది. ఇన్నాళ్లూ నీ చేను చేసిన కౌలుదారు బతుకు తవ్వకం మొదలైన రోజే పోతుంది. చౌడెక్కిన నేలని మళ్లీ వరికి తేవాలంటే ఏళ్లు పడుతుంది. ఇంతమంది సొత్తు పణం పెట్టి ఆడేదాన్ని నేను ధైర్యం అనలేను. చెరువులకి అనుమతిచ్చే రాష్ట్ర సంస్థ అప్సడా లైసెన్సు చేతికొచ్చినా నా మాట ఇదే.

నరసాపురం అమ్మాయి:
మా అమ్మ నా చిన్నప్పుడు కువైట్ వెళ్లింది. ఊళ్లో ఎవరూ దాన్ని ధైర్యమనలేదు, గతిలేక పోయిందన్నారు. ఆవిడ మాత్రం రెండే పనులు పెట్టుకుని వెళ్లింది: లేసు ఏజెంటు అప్పు తీర్చడం, నన్నూ చెల్లినీ చదివించడం. అవి రెండూ అయ్యాక, జీతం పెంచుతామన్నా వినకుండా వచ్చేసింది. ఇక్కడ తెగింపు గురించి మాట్లాడేవాళ్లలో చాలామందికి వెనక్కి రావడానికో ఇల్లుంది. వైనతేయ గారూ, మీరు తాకట్టు పెడతానంటున్నది ఆ ఇంటినే. అందులో మీ అమ్మగారున్నారు. ఆవిడ వద్దన్నది పిరికితనంతో అనుకోకండి.

ఉండి కుర్రోడు:
అమ్మగారికి దండం పెట్టాలండి. కానీ అందరూ ఇన్ని లెక్కలేస్తూ కూర్చుంటే ఎవరూ దిగరు. దాళ్వాకి నీళ్లొస్తాయో రావో, కోతల వేళకి తుపానొస్తుందో రాదో తెలియక వరి రైతు ఏటా పణం పెడుతూనే ఉన్నాడు. దాన్నెవరూ తెగింపనరు, అలవాటైపోయింది కాబట్టి.

కాలవ శివారు:
అది నిజం. ఒప్పుకుంటా. వరి రైతుది తెగింపే. కాకపోతే అతని పంట పోతే పక్కవాడి చేను చౌడెక్కదు.

వైనతేయ ఒడ్డు:
చేను తవ్వే ఆలోచన ప్రస్తుతానికి ఆపాను. ఇల్లు కదపను. మా కౌలుదారుతో ఫోన్లో మాట్లాడాను, ఈ సార్వా ఆయనే వేస్తాడు. ఉండి కుర్రోడు గారూ, మీ వైపు ఇప్పటికే నడుస్తున్న చెరువులో ఒక పంటకి వాటా దొరుకుతుందా? దాచుకున్నదాంట్లో ఎంతవరకు పెట్టాలో రాసుకున్నాను, పోయినా తట్టుకోగలను. సెలవు పెట్టి వచ్చి రాత్రి కాపలా నేనే ఉంటాను.

ఉండి కుర్రోడు:
పావలా వాటా ఉందేమో అడుగుతా. పావలా వాటాతో మేడ కట్టినవాణ్ణి నేనింతవరకు చూళ్లేదు తమ్ముడూ, నా అభిప్రాయం మారలేదు. అయినా రా. రాత్రి కాపలా అంటే తెల్లారే దాకా కన్ను మూతపడకూడదు, అది మాత్రం ముందే చెబుతున్నా.