హెన్లీ శిక్యం: శిక్యం అంటే ఉట్టి

పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి మొన్న రాత్రి విసర్జన పాఠం పైకి చదువుతూ, మూత్రపిండంలోని ఒక సన్నటి గొట్టం పేరు "హెన్లీ శిక్యం" దగ్గర ఆగిపోయింది. "అమ్మా, శిక్యం అంటే ఏంటి?" అని అడిగింది. బొమ్మ వేసి, గీత గీసి, పక్కన ఆ పేరు రాస్తే మార్కులు వస్తాయని మాత్రం తెలుసు తనకి. నా చదువప్పుడూ అంతే. ఈసారి వదలకుండా నిఘంటువు తీశాను. శిక్యం అంటే ఉట్టి. పిల్లికి అందకుండా పెరుగు కుండని దూలానికి వేలాడదీసే తాళ్ల ఉట్టి. కావడి బద్దకి అటూ ఇటూ వేలాడే తాళ్లకీ ఆ మాటే వాడతారు. దాని వికృతి మనకి ఇంకా బాగా తెలుసు: చిక్కం. నూర్పిళ్లప్పుడు గింజ తినకుండా ఎద్దు మూతికి కట్టేది.

పాత లంగా బొందు ఒకటి తెచ్చి, రెండు కొసలూ ఒకే చేత్తో పైన పట్టుకుని కిందికి వేలాడేశాను. ఒక పక్క దిగుతుంది, అడుగున వంపు తిరుగుతుంది, రెండో పక్క ఎక్కుతుంది. అమ్మాయి వెంటనే "అవరోహ నాళం, ఆరోహ నాళం!" అంది. 1862లో జర్మన్ శాస్త్రవేత్త హెన్లీ వర్ణించిన సన్నటి గొట్టం ఆకారం అదే. ఆ పేరు పెట్టినవాళ్లు ఎవరో గానీ, ఉట్టిని చూసిన కళ్లతో పెట్టారు.

ఆ వంపు ఊరికే లేదు. మూత్రపిండాలు రోజుకి దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని రక్తంలోంచి వడకడతాయి. బయటికి వెళ్లేది మాత్రం ఇంచుమించు లీటరున్నర. మిగతాదంతా మళ్లీ రక్తంలోకే. శిక్యం దాకా రాకముందే, మెలికలు తిరిగిన మొదటి గొట్టంలోనే మూడింట రెండు వంతులు వెనక్కి వెళ్లిపోతుంది. శిక్యం చేసే పని వేరు. దిగే పక్క నీరు బయటికి పోతుంది. ఎక్కే పక్క నీటిని వదలదు, ఉప్పుని మాత్రం బయటికి తోడేస్తుంది. దాంతో చుట్టూ ఉన్న కణజాలం లోపలికి వెళ్లేకొద్దీ ఉప్పగా, అడుగున రక్తం కంటే నాలుగు రెట్లు గాఢంగా తయారవుతుంది. చివరికి మూత్రాన్ని మోసుకెళ్లే సంగ్రహణ నాళం ఆ ఉప్పటి చోటు గుండానే దిగాలి. ఒంట్లో నీరు తక్కువైతే వాసోప్రెసిన్ అనే హార్మోను ఆ నాళం గోడల్ని నీటికి తెరుస్తుంది, చుట్టూ ఉన్న ఉప్పు నీటిని లాగేస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం మూత్రం ముదురు పసుపుగా, కొంచెంగా రావడానికి కారణం ఇదే. కప్పకీ చేపకీ ఈ శిక్యం లేదు, అందుకే అవి రక్తం కంటే గాఢమైన మూత్రాన్ని తయారుచేయలేవు.

ఆ ఉప్పటి లోపలి భాగానికి పాఠంలో ఉన్న పేరు నాకు ఇంకా నచ్చింది: దవ్వ. బయటి భాగం వల్కలం, అంటే చెట్టు బెరడు, నారబట్ట. లోపలిది అరటి దవ్వలోని దవ్వ. బోదె డొప్పలన్నీ ఒలిచేశాక మధ్యలో తెల్లగా మిగిలేది. చక్రాలుగా తరుగుతుంటే పీచు దారాలుగా సాగుతుంది, వేలికి చుట్టి తీసేసి, ముక్కలు నల్లబడకుండా మజ్జిగలో వేస్తాం. ఒక సంస్కృతం మాట, దాని పక్కనే వంటింటి మాట. రెండూ ఒకే బొమ్మలో.

— మంచి పోస్టు అక్కా. మరి మూత్రాశయంలో ఆశయం ఏమిటి? ఆశయం అంటే లక్ష్యం కదా?

ఇక్కడ ఆశయం అంటే చోటు, తమ్ముడూ. పడుకోవడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది, శయనం కూడా అందులోంచే. నీరు నిలిచే చోటు జలాశయం, బిడ్డ ఉండే చోటు గర్భాశయం. అలాగే మూత్రపిండాల నుంచి రెండు నాళాల్లో బొట్లుబొట్లుగా దిగిన మూత్రం కాసేపు నిలిచే చోటు ఇది. నాళాల గోడలే దాన్ని కిందికి నెడతాయి, అందుకే పడుకుని ఉన్నా దిగుతూనే ఉంటుంది.

— మా ఇంట్లో పెద్దవాళ్లు మూత్రం అనరండీ, "ఒంటికి" అంటారు. ఉచ్చ అంటే తిట్టినట్టు చూస్తారు.

ఉచ్చ అచ్చమైన తెలుగు మాటండీ, మొరటు అనిపించుకోవడం నాకు బాధగానే ఉంటుంది. ఒంటేలు ఒంటి వేలు నుంచి వచ్చింది, బళ్లో పిల్లలు ఒక వేలు చూపిస్తారు కదా. మనం "ఒంటికి వస్తోంది" అనీ అంటాం, "ఒంటికి వెళ్లొస్తా" అనీ అంటాం. ఒంట్లో జరిగేది కూడా ఆ రెండు మాటల్లాగే ఉంటుంది. 150, 200 మిల్లీలీటర్లు చేరేసరికి మూత్రాశయం గోడ సాగి కబురు పంపుతుంది, అది మన చేతిలో లేదు. కింద దారిని మూసి ఉంచే రెండు సంవరణీ కండరాలు ఉంటాయి. లోపలిది మన మాట వినదు, బయటిది వింటుంది. బస్సు ఆగేదాకా ఓర్చుకోగలగడం ఆ బయటిదాని వల్లే. చంటిపిల్లలకి అది పట్టుబడడానికి రెండు మూడేళ్లు పడుతుంది.

హైదరాబాద్ మటన్ షాపుల్లో మూత్రపిండాన్ని గుర్దా అంటారు. మీ వైపు మాంసం కొట్టేవాళ్లు ఏమంటారో చెప్పండి, రాసి పెట్టుకుంటాను.